మూడేళ్ల ల్యాప్‌టాప్: బాగు చేయించాలా, కొత్తది కొని ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ల్యాప్‌టాప్ కొని మూడేళ్లు దాటింది. స్క్రీన్ మీద నిలువు గీతలు వస్తున్నాయి, ఛార్జర్ తీసేస్తే గంట కూడా నిలవడం లేదు. సర్వీస్ సెంటర్ వాళ్లు "డిస్‌ప్లే, బ్యాటరీ రెండూ మార్చాలి" అని కొత్త ల్యాప్‌టాప్ ధరలో 40 శాతం దాకా ఎస్టిమేట్ ఇచ్చారు. పోనీ కొత్తదే తీసుకుందామని వెళ్తే, షాపులో ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోమని పట్టుబట్టారు. ఇప్పుడు ఏం చేయాలి?

సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడే కొత్తది కొనకండి. ఆ ఎస్టిమేట్‌లో బ్యాటరీకి ఎంత, డిస్‌ప్లేకి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. బ్యాటరీ నిజంగా అరిగిందని తేలితే మార్పించండి. డిస్‌ప్లే సంగతి కింద చెప్పిన పరీక్ష చేశాకే తేల్చుకోండి. చివరికి కొత్తదే కొనాల్సి వచ్చినా మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీ చాలామందికి అనవసరం. ఎవరికి అవసరమో కూడా చెప్తాను.

పద్దెనిమిదేళ్లుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించడమే నా పని. అందులో మూడేళ్లు ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేశాను. కాబట్టి కౌంటరుకు అవతలి వైపు లెక్కలు ఎలా నడుస్తాయో కూడా కొంత తెలుసు.

ముందు ఆ గీతల సంగతి చూద్దాం. గీతలు కనపడగానే "డిస్‌ప్లే పోయింది" అనేయడం సర్వీస్ సెంటర్లలో అలవాటు. పార్ట్ మొత్తం మార్చేస్తే కస్టమర్ అదే సమస్యతో మళ్లీ రాడు, వాళ్లకు తలనొప్పి ఉండదు. కానీ ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు నుంచి స్క్రీన్‌కు ఒక సన్నటి కేబుల్ వెళ్తుంది. అది మూత మడత పడే హింజ్ దగ్గర మలుపు తిరుగుతుంది. రోజుకు పదిసార్లు మూత తెరిచి మూస్తారనుకుంటే, మూడేళ్లలో ఆ మలుపు పదివేల సార్లకు పైగా నలుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు లోపలి తీగ ఒకటి చిట్లుతుంది.

దీన్ని మీరు ఇంట్లోనే చూడొచ్చు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, మూతను మెల్లగా ముందుకూ వెనక్కీ కదపండి. గీతలు మాయమైనా, చోటు మారినా, రంగు మారినా ముందు కేబుల్‌నే అనుమానించాలి. ఎంత కదిపినా మేకు కొట్టినట్టు అక్కడే ఉంటే, హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకో వేరే మానిటర్‌కో కలపండి. అందులో బొమ్మ శుభ్రంగా వస్తే చాలావరకు మీ ప్యానెల్‌దే, అంటే ల్యాప్‌టాప్ తెరదే తేడా. అందులోనూ అవే గీతలు వస్తే గ్రాఫిక్స్ చిప్ దగ్గరో బోర్డు దగ్గరో సమస్య ఉంది, అప్పుడు డిస్‌ప్లే మార్చినా డబ్బు దండగే. ఇంకొకటి, ఆన్ చేయగానే కంపెనీ లోగో వస్తుంది కదా, గీతలు అప్పుడే ఉన్నాయా చూడండి. అప్పుడు లేకుండా విండోస్ లోడయ్యాకే వస్తుంటే డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) గొడవ అయ్యుండొచ్చు. అది పైసా ఖర్చు లేకుండా పోతుంది.

రెండేళ్ల కిందట ఒక టీచరమ్మ అచ్చం మీలాంటి ఎస్టిమేట్ కాగితమే పట్టుకుని వచ్చారు. మూత నేరుగా నిలబెడితే నాలుగు ఆకుపచ్చ గీతలు, కాస్త వంచితే రెండే. స్క్రీన్ చుట్టూ ఉండే చట్రం (బెజెల్) ఊడదీసి చూస్తే ఎడమ హింజ్ దగ్గర కేబుల్ మీది నల్ల టేపు అరిగిపోయి, లోపల వెంట్రుక మందం రాగి తీగలు మూడు మెరుస్తూ బయటికి కనపడ్డాయి. ఒకటి తెగిపోయింది కూడా. కేబుల్ మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. ప్యానెల్ ముట్టుకోలేదు. ఆవిడ ఇప్పటికీ ఆ ల్యాప్‌టాప్ మీదే క్లాసులు చెప్తున్నారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. స్క్రీన్‌లో సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ ఉంటే మాత్రం ఇక పరీక్షలేమీ అక్కర్లేదు, ప్యానెల్ పగిలినట్టే.

బ్యాటరీ విషయంలో ఇంత ఆలోచన అక్కర్లేదు. లిథియం అయాన్ బ్యాటరీ అరిగే వస్తువు, బండికి టైరు ఎలాగో అలాగ. చాలా ల్యాప్‌టాప్‌లలో 300 నుంచి 500 పూర్తి సైకిళ్లు తిరిగేసరికి సామర్థ్యం 80 శాతం దగ్గరికి పడిపోతుంది. ఒక రోజు సగం, ఇంకో రోజు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) నుంచి బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది 50,000 ఉండి రెండోది 20,000 ఉందంటే బ్యాటరీ 40 శాతానికి వచ్చేసింది, మార్చేయండి. ఒకవేళ రెండో అంకె 42,000 ఉండి కూడా గంటలో అయిపోతుంటే తప్పు బ్యాటరీది కాదు. ఏదో ప్రోగ్రామ్ వెనక తింటోంది, లేదా ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని మెషిన్ వేడెక్కుతోంది.

బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, కింది మూత బల్ల మీద సమంగా కూర్చోకపోయినా ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టడం ఆపేసి, బాగు చేసేవాళ్లకు ఇచ్చేయండి. దాన్ని నొక్కి సర్దడం, సూదితో గుచ్చడం లాంటి ప్రయోగాలు వద్దు, మంట అంటుకోవచ్చు. ఈ జాగ్రత్త ఫోన్లకూ వర్తిస్తుంది.

ఇక మీరు అసలు అడిగింది: బాగు చేయించాలా, మార్చేయాలా అన్నది ఎలా తేల్చుకోవాలి? "రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనండి" అని అందరూ చెప్పే మాట ఒకటుంది. చెడ్డ సూత్రమేం కాదు కానీ, అందులో ఒక ముఖ్యమైన విషయం జారిపోతుంది. బాగు చేశాక ఆ వస్తువు ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుంది అన్నది. నేను నెలకు ఎంత పడుతుందో చూస్తాను.

కొత్త ల్యాప్‌టాప్ ధర 100 వంతులనుకోండి. అది ఐదేళ్లు, అంటే 60 నెలలు వాడతారు. నెలకు 1.67 పడింది. మీకు ఇచ్చిన ఎస్టిమేట్ 40. బాగు చేశాక ఇంకో రెండేళ్లు నడుస్తుందనుకుంటే, 40ని 24తో భాగిస్తే మళ్లీ అదే 1.67. సరిసమానంగా ఉంది. మీకు ఎటూ తేలకపోవడానికి కారణం అదే! కానీ ప్యానెల్ బాగుండి, కేబుల్, బ్యాటరీ మాత్రమే మారిస్తే ఖర్చు 15కి దిగిందనుకోండి. నెలకు 0.63 పడుతుంది, ఇక ఆలోచించేదేముంది? అందుకే ఎస్టిమేట్ విడగొట్టించమన్నాను.

ఈ లెక్కలో కష్టమైన అంకె "ఇంకా ఎన్నాళ్లు" అన్నదే. అది తెలియాలంటే పోయినదేమిటో చూడాలి. బ్యాటరీ, కీబోర్డు, హింజ్, ఫ్యాన్, ఛార్జింగ్ పిన్, స్క్రీన్, ఇవన్నీ పోయినా మెషిన్ గుండె బాగున్నట్టే. కొత్త పార్ట్ వేస్తే దాని మానాన అది నడుస్తుంది. మదర్‌బోర్డు జోలికి వెళ్లాల్సి వస్తే మాత్రం లెక్క మారుతుంది. బోర్డు మీద ఒక చిన్న కెపాసిటర్ షార్ట్ అయిందంటే తీసి మార్చొచ్చు, అది మంచి రిపేరే. గ్రాఫిక్స్ చిప్ కింద సోల్డర్ వదిలిందని వేడి చేసి కూర్చోబెట్టడం మాత్రం తాత్కాలికమే. మూడు నెలలు నడవొచ్చు, మూడు వారాలకే మళ్లీ రావొచ్చు. "బోర్డు రిపేరు చేస్తాం, గ్యారంటీ నెల రోజులు" అని ఎవరైనా అంటే, మీ లెక్కలో 24 నెలలు వేసుకోకండి, ఆరు వేసుకోండి.

లోపల నీళ్లు పడిన కేసులు అన్నిటికన్నా మోసం చేస్తాయి. నేనే మోసపోయాను. ఒకాయన ల్యాప్‌టాప్ మీద నీళ్లు ఒలికిన నాలుగో రోజు తెచ్చారు. అప్పటిదాకా ఆన్ చేసి చూస్తూనే ఉన్నారట. బోర్డు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పచ్చగా తుప్పు పట్టిన రెండు చోట్ల పార్ట్‌లు మార్చాను. ఆన్ అయింది, ఇద్దరం సంతోషపడ్డాం. నెలన్నరకు కీబోర్డు పోయింది. ఇంకో రెండు నెలలకు ఛార్జింగ్ సర్క్యూట్ పోయింది. కనెక్టర్ల కింద తుప్పు మెల్లగా పాకుతూనే ఉంది, పైకి కనపడలేదు. ఆయన మూడుసార్లు పెట్టిన ఖర్చు కలిపితే చారాణా కోడికి బారాణా మసాలా అయింది. మొదటి రోజే "డేటా తీసి ఇస్తాను, మెషిన్ మీద ఆశ వదులుకోండి" అని చెప్పి ఉండాల్సింది. మూడోసారి నేను కూలీ తీసుకోలేదు, కానీ ఆయన డబ్బు పోయింది పోయిందే. మీది తడిసిన కేసైతే ఇదంతా ముందే చెప్పండి, దాచకండి. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టడం వల్ల లాభం లేదు, ఆపిల్ కూడా 2024లో తన సపోర్ట్ పేజీలో వద్దనే రాసింది. స్విచాఫ్ చేసి, ఛార్జింగ్ పెట్టకుండా, ఎంత త్వరగా తెస్తే అంత మంచిది.

హార్డ్‌వేర్ ఒక్కటే చూసినా సరిపోదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన పరికరం మీద పెద్ద ఖర్చు పెట్టకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల జాబితాలో ఉండాలి. మీది మూడేళ్లదే కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. అదే తొమ్మిదేళ్ల ల్యాప్‌టాప్‌కు కొత్త ప్యానెల్ వేయించాలని వచ్చిన వాళ్లను నేను వెనక్కి పంపిస్తుంటాను. ఫోన్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. 2023లో వచ్చిన పిక్సెల్ 8కి, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. అలాంటి ఫోన్‌కు మూడో ఏట బ్యాటరీ మార్చడం తెలివైన పని. రెండేళ్లకే అప్‌డేట్లు ఆగిపోయే చవక ఫోన్‌కు డిస్‌ప్లే వేయించడం చాలాసార్లు గిట్టదు, ఎందుకంటే ఫోన్ ధరతో పోలిస్తే దాని డిస్‌ప్లే ఖరీదే ఎక్కువ.

ఫోన్ల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. "ఛార్జింగ్ ఎక్కడం లేదు, పిన్ మార్చాలట" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి పిన్ బాగానే ఉంటుంది. జేబులోని నూగు లోపలికి వెళ్లి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ నొక్కుకుని నొక్కుకుని, అడుగున చాపలా గట్టిపడుతుంది. కేబుల్ పూర్తిగా దిగకుండా కాస్త బయటికి ఉందంటే అదే. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా గీకితే బూడిద రంగు ఉండ బయటికొస్తుంది. పిన్నీసు, సూది వాడకండి, లోపలి కాంటాక్టులు వంగుతాయి. ఇక చిన్న వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ బ్యాటరీ పోతే, జిగురుతో మూసేసిన వాటిని విప్పి బాగు చేయడం గిట్టుబాటు కాదు. వాటికి రిపేరు అన్న ఆలోచనే పెట్టుకోకండి.

రిపేరు ఎక్కడ చేయించాలి అన్నది వేరే పెద్ద చర్చ. వారంటీ ఉన్నంత వరకు కంపెనీ సెంటర్‌కే వెళ్లండి. అయిపోయాక బయట మంచి మెకానిక్ దొరికితే సంతోషం. పాత పార్ట్ తిరిగి ఇమ్మని, వేసేది ఒరిజినలా, కాపీనా, వేరే మెషిన్ నుంచి తీసిందా అని బిల్లు మీద రాయమని ముందే అడగండి. రాయనంటే పక్క షాపుకు వెళ్లండి. ఐఫోన్లలో బయట బ్యాటరీయో డిస్‌ప్లేయో వేయిస్తే "తెలియని పార్ట్" అనే అర్థం వచ్చే సందేశం సెట్టింగ్స్‌లో కనపడొచ్చు. ఫోన్ పనిచేస్తుంది, కానీ తర్వాత అమ్మేటప్పుడు బేరం తగ్గుతుంది.

ఇచ్చే ముందు బ్యాకప్ తీసుకోండి. చిన్న పనే కదా అని వదిలేయకండి, బోర్డు బల్ల మీద ఉండగా ఏమైనా జరగొచ్చు. లాక్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇచ్చేస్తుంటారు చాలామంది, అది చూస్తే నాకే భయం వేస్తుంది. శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉన్నాయి. అవి ఆన్ చేసి ఇస్తే మీ ఫోటోలు, మెసేజ్‌లు మాకు కనపడవు, మా పరీక్షలు మాత్రం చేసుకోగలం.

ఇప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ. షాపులో దీన్ని ఎందుకంత పట్టుబట్టి అమ్ముతారంటే, వస్తువు మీద కంటే ఈ ప్లాన్ల మీద వాళ్లకు మిగిలే శాతం ఎక్కువ. ఆ అబ్బాయిది తప్పనను, అతనికి టార్గెట్ ఉంటుంది. కానీ అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నప్పుడు మీరు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఎలక్ట్రానిక్స్ పాడయ్యే తీరుకు ఇంజనీర్లు బాత్‌టబ్ కర్వ్ అని పేరు పెట్టారు. స్నానాల తొట్టిని పక్క నుంచి చూసినట్టు, రెండు అంచులు ఎత్తుగా, మధ్యలో చదునుగా ఉంటుంది గీత. తయారీలో లోపమున్న వస్తువు మొదటి నెలల్లోనే బయటపడుతుంది, అది కంపెనీ వారంటీలో పోతుంది. అరిగిపోవడం వల్ల వచ్చే సమస్యలు చాలా ఏళ్లకు మొదలవుతాయి, అప్పటికి మీ ప్లాన్ అయిపోతుంది. మీరు డబ్బు కట్టేది మధ్యలో ఉన్న ఆ చదును భాగానికి.

రెండు, "ఎక్స్‌టెండెడ్ వారంటీ" వేరు, "యాక్సిడెంటల్ డ్యామేజ్" ప్లాన్ వేరు. మొదటిది కంపెనీ వారంటీలో ఉన్నదాన్నే పొడిగిస్తుంది. కింద పడి పగిలితే, నీళ్లు పడితే అందులో రాదు. వాటర్‌ప్రూఫ్ అన్నట్టు ఐపీ68 (దుమ్ము, నీళ్లను తట్టుకుంటుందని చెప్పే రేటింగ్) అని డబ్బా మీద రాసి ఉన్నా, నీళ్లు వెళ్లి పాడైతే సాధారణంగా వారంటీ వర్తించదు. లోపల తెల్లటి చిన్న స్టిక్కర్ ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది, దాన్ని చూపించి క్లెయిమ్ కొట్టేస్తారు. బ్యాటరీ సామర్థ్యం మామూలుగా తగ్గడాన్ని కూడా చాలా ప్లాన్లు కలుపుకోవు. అంటే జనం నిజంగా ఎక్కువగా తెచ్చే మూడు సమస్యలు, పగిలిన స్క్రీన్, తడి, అరిగిన బ్యాటరీ, మూడూ బయటే ఉండొచ్చు.

లెక్క కూడా చూడండి. ప్లాన్ ధర వస్తువు ధరలో 15 వంతులు, ఒక సగటు రిపేరు 30 వంతులు అనుకుందాం. ఆ గడువులో మీ మెషిన్ పాడయ్యే అవకాశం సగానికి సగం ఉంటే తప్ప ప్లాన్ గిట్టదు. సగానికి సగం పాడయ్యే అవకాశం ఉందనిపిస్తే ఆ మోడలే కొనకండి! నేనైతే ఆ 15 వంతులు పక్కన పడేస్తాను. పాడైతే వాడుకుంటాను, పాడవకపోతే తర్వాతి బ్యాటరీకి పనికొస్తుంది.

మరి ఎవరు తీసుకోవచ్చు? ఆ ల్యాప్‌టాప్ ఆగితే ఆ రోజు సంపాదన ఆగిపోయేవాళ్లు. వాళ్లు కంపెనీవాళ్లే అమ్మే, ఇంటికో ఆఫీసుకో వచ్చి మరుసటి పనిదినంలోగా బాగు చేసే ప్లాన్ తీసుకోవచ్చు. అక్కడ డబ్బు కట్టేది రిపేరుకు కాదు, వేగానికి. ఇంకొకరు, చేతిలో ఫోన్ నిలవనివాళ్లు. ఏడాదికో స్క్రీన్ పగలగొట్టే చరిత్ర ఉంటే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ గిట్టుతుంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు, మా ఇంట్లోనే ఒకరున్నారు. మూడోది, పాడైతే మళ్లీ కొనే స్తోమత అస్సలు లేని పరిస్థితి. తట్టుకోలేని నష్టానికే కదా బీమా.

తీసుకుంటే మాత్రం సంతకానికి ముందు షరతుల కాగితం అడిగి చదవండి. ప్రతి క్లెయిమ్‌కు మీ జేబులోంచి ఎంత కట్టాలి? రెండో ఏడు, మూడో ఏడు వస్తువు విలువను ఎంత తగ్గించి లెక్కిస్తారు? ఎన్ని క్లెయిమ్‌లు ఇస్తారు? "మూడేళ్లు" అంటే కంపెనీ ఇచ్చే మొదటి ఏడాదిని కలుపుకునా, విడిగానా? బాగు చేసేది కంపెనీ సెంటరా, వేరే ఎవరైనానా? నా దగ్గరికి వచ్చిన ఒకతనికి ప్లాన్ ఉంది, క్లెయిమ్ కూడా ఒప్పుకున్నారు. కానీ "బాగు చేయడం గిట్టదు" అని తేల్చి, తరుగుదల తీసేసి, కొన్న ధరలో మూడో వంతు చేతిలో పెట్టారు. అది షరతుల్లో ఉన్నదే, నాలుగో పేజీలో. మీ క్రెడిట్ కార్డుతో కొంటే కొన్ని కార్డులు ఉచితంగానే వారంటీని పొడిగిస్తాయి, అదీ ఒకసారి చూసుకోండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది చిన్న పనే. మూత కదిపి గీతలు మారుతున్నాయా చూడండి, బ్యాటరీ రిపోర్ట్‌లోని రెండు అంకెలు రాసుకోండి. ఆ రెండూ, ల్యాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరూ కింద రాసి పెడితే, కేబుల్ మార్చడం ఆ మోడల్‌లో ఎంత పనో చెప్తాను. కొన్నిట్లో పది స్క్రూలు తీస్తే చేతికొస్తుంది, కొన్నిట్లో ప్యానెల్‌ను జిగురుతో అంటిస్తారు, విప్పేటప్పుడే పగిలే ప్రమాదం ఉంటుంది. మీది రెండో రకమైతే పైన చెప్పిన 15 వంతుల లెక్క మళ్లీ వేసుకోవాలి.